మైనర్ కేసులో ముఖానికి బ్లర్ వేస్తే సరిపోతుందా? టీవీ డెస్కుల్లో ఎక్కడెక్కడ జారుతోంది?

కొత్త_రిపోర్టర్:
అందరికీ నమస్కారం. జిల్లాల్లో టీవీ రిపోర్టింగ్‌కి కొత్తగా వచ్చేవాళ్ల కోసం తెలుగులో చిన్న గైడ్ తయారవుతోంది. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల దగ్గరే ఆగిపోయాం. "పేరు చెప్పలేదు, ముఖం బ్లర్ చేశాం, ఇంకేం కావాలి?" అన్నదే అందరి ప్రశ్న. చట్టం ఎంతవరకు పట్టుకుంటుంది, అన్నీ తెలిసిన డెస్కుల్లో కూడా తప్పు ఎక్కడ జరుగుతోంది? వివరంగా చెప్పగలరా? లైవ్‌లు, సీసీటీవీ దృశ్యాలు, ఆత్మహత్య వార్తల గురించి కూడా రాస్తే మేలు.

కోర్టు_బీట్:
సరిపోదండీ. పోక్సో చట్టం 23వ సెక్షన్ ఒకసారి పూర్తిగా చదవండి. పేరు, ఫొటో మాత్రమే కాదు. చిరునామా, కుటుంబ వివరాలు, బడి, ఉండే వీధి, ఇంకా ఆ బిడ్డ ఎవరో తెలిసిపోయే ఏ వివరమైనా సరే, చెప్పకూడదు. శిక్ష ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అదే సెక్షన్‌లో చాలామంది చూడని మాట ఇంకొకటి ఉంది. ఉద్యోగి చేసిన తప్పుకి యజమాని, ప్రచురణకర్త కూడా బాధ్యులే. "స్ట్రింగర్ (స్టోరీల లెక్కన పనిచేసే స్థానిక విలేకరి) పంపాడు, మాకు తెలియదు" అనే జవాబు అక్కడ చెల్లదు.

లైంగిక దాడి కేసులో బాధితురాలు పద్దెనిమిదేళ్లు దాటిన మహిళ అయితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 228ఏ. రెండేళ్ల వరకు జైలు, జరిమానా. నిందితుడే మైనర్ అయితే బాల న్యాయ చట్టం 2015లోని 74వ సెక్షన్. ఇది సాక్షిగా ఉన్న పిల్లలకీ వర్తిస్తుంది. ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. "బాధితురాలి పేరు దాచాం కదా" అని పదహారేళ్ల నిందితుడి ఫొటో వేసేస్తుంటారు. అదీ నేరమే.

2018 డిసెంబర్ 11న నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా బిగించింది. దూరంనుంచైనా సరే, గుర్తు పట్టడానికి దారితీసే ఏ విషయమూ ప్రసారం చేయకూడదంది.

ఓరుగల్లు_కెమెరా:
గుర్తుపట్టుడు అనేది ముఖంతోని మొదలు కాదు సార్. ఊరోళ్లు ముఖం చూసి గుర్తుపట్టరు, ఇంటి ముందటి వేపచెట్టును చూసి పడతరు. అందుకే కెమెరా తీసేటప్పుడే చూసుకోవాలె. తీసినంక దాచుడు కష్టం.

తియ్యకూడని షాట్లు ఏందంటే: ఇంటి గేటు, దర్వాజా మీది నంబరు, వాకిట్ల నిలబెట్టిన బండి నంబరు ప్లేటు. బడి యూనిఫాం, టై, బెల్టు మీది బ్యాడ్జి. చేతుల క్లోజప్ సేఫ్ అనుకుంటరు, కానీ పచ్చబొట్టు, దెబ్బ మచ్చ, చేతికి కట్టిన తాయెత్తు ఊరోళ్లకు ఆధార్ కార్డు లెక్కనే. వెనక నుంచి తీసిన షాట్ల జడ, నడక కూడా అంతే. తల్లి ముఖం చూపిచ్చి బిడ్డ ముఖం దాస్తే దాచినట్టు కాదు.

ఎఫ్ఐఆర్ కాగితం మీద మెల్లగ ప్యాన్ చేసే షాట్ తెలుగు చానళ్లల్ల మామూలైపోయింది. మొదటి పేజీలనే ఫిర్యాది పేరు, తండ్రి పేరు, ఊరు ఉంటయి. పోక్సో కేసుల ఆ ఫిర్యాది చానాసార్లు బిడ్డ నాయననో అమ్మనో. యూట్యూబ్‌ల ఆపి చదువుకోవచ్చు. ఆ షాటే వద్దు.

మరి ఏం తియ్యాలె అంటే, జిల్లా కోర్టు బయటి వైడ్ షాట్, జిల్లా కేంద్రంల పోలీసు ఆఫీసు. మండల పోలీస్ స్టేషన్ బోర్డు చూపిస్తే మండలం చెప్పినట్టే గదా.

ఎడిట్_బే:
పై పోస్టుకి ఒకటి కలుపుతాను. చూపు మీద పెట్టిన శ్రద్ధ శబ్దం మీద పెట్టం. ఆ ఇంటి ముందు తీసిన విజువల్స్‌లో వెనక ఏడుపులు వినిపిస్తుంటాయి. మన ఇళ్లల్లో ఏడ్చేవాళ్లు పేరు పెట్టి పిలుచుకుంటూ ఏడుస్తారు. ముఖం బ్లర్ అయ్యే ఉంటుంది, వాయిస్ ఓవర్ కింద సన్నగా నడిచే ఆ సౌండ్‌లో తల్లి పేరు పిలుస్తూనే ఉంటుంది. ఇలాంటి స్టోరీల్లో ఆంబియన్స్ ట్రాక్ (వెనక శబ్దాల ట్రాక్) పూర్తిగా మ్యూట్ చేయాలి. తగ్గించడం కాదు, తీసెయ్యాలి. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒకసారి మొత్తం వినాలి.

బ్లర్ సంగతి. మన ప్రసారం సెకనుకి 25 ఫ్రేములు. బ్లర్‌ని ముఖంతోపాటు కదిలించే ట్రాకర్ ఆ ముఖాన్ని పట్టుకోవడానికి మొదటి రెండు మూడు ఫ్రేములు పడుతుంది. అంటే కట్ పడిన వెంటనే సెకనులో పదో వంతు సేపు ముఖం తెరిచే ఉంటుంది. టీవీలో కంటికి ఆనదు, ఫోన్‌లో పాజ్ చేస్తే దొరుకుతుంది. మనిషి పక్కకి తిరిగినప్పుడు, ముందు నుంచి ఎవరైనా అడ్డం వచ్చినప్పుడు కూడా ట్రాకర్ జారిపోతుంది. కాబట్టి ప్రతి షాట్ మొదటి ఐదు, చివరి ఐదు ఫ్రేములు చేత్తో ఒక్కొక్కటిగా జరిపి చూడండి. కళ్ల మీద నల్ల గీత పనికిరాదు. జుట్టు నుంచి భుజాల దాకా కప్పాలి. అక్షరాలకైతే బ్లర్ అసలు వాడొద్దు. పల్చటి బ్లర్ కింద అక్షరాలు చదవొచ్చు. నిండు నల్ల పట్టీ వేయండి.

గొంతు మార్చడానికి పిచ్ తగ్గిస్తారు. తగ్గించినదాన్ని అంతే పెంచితే అసలు గొంతు తిరిగొస్తుంది. ఆ మాటల్ని వేరే మనిషితో చదివించి, "మాటలు ఆమెవి, గొంతు వేరొకరిది" అని తెరమీద వేస్తే చాలు.

గోదారి_ప్రేక్షకుడు:
ప్రేక్షకుడిగా ఒక సందేహం. తల్లిదండ్రులే ఫొటో పట్టుకుని రోడ్డు మీద కూర్చుని న్యాయం కావాలని అడుగుతుంటే? అమ్మాయి చనిపోయాక కూడా పేరు దాచడమెందుకు? 2019 నవంబర్‌లో హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలి మీద జరిగిన ఘోరంలో పేరు, ఫొటో మొదటి రోజే అన్ని చోట్లా వచ్చేశాయి. ఆ కోపం వల్లే కదా దేశం కదిలింది?

కోర్టు_బీట్:
గోదారి గారూ, కోపం రావడం వేరు, పేరు అవసరపడటం వేరు. ఆ కేసులోనే తర్వాత పోలీసులు "దిశ" అనమని కోరారు, ఆ పేరుతోనే దేశమంతా మాట్లాడుకుంది. అసలు పేరు లేకపోయినా ఆ కోపం ఏమీ తగ్గలేదు.

చనిపోయినవారి విషయంలో నిపుణ్ సక్సేనా తీర్పు చాలా స్పష్టం. కుటుంబం అనుమతి ఇచ్చినా పేరు బయటపెట్టడానికి వీల్లేదు. పెట్టాల్సినంత కారణం ఉంటే అది తేల్చాల్సింది సెషన్స్ జడ్జి. బతికున్న మైనర్ విషయంలో అయితే, అదీ బిడ్డ మేలు కోసమైతేనే, ప్రత్యేక కోర్టు అనుమతించాలి. తల్లిదండ్రులు ఫొటో పట్టుకుని కూర్చుంటే ధర్నా చూపించండి, మాటలు వినిపించండి. ఫొటో, ఫ్లెక్సీ మూసేయండి. వాళ్ల దుఃఖంలో వాళ్లు ఆలోచించలేకపోవచ్చు. ఆలోచించాల్సింది డెస్కు.

బాలల_పక్షం:
ఇక్కడ ఎవరూ చెప్పనిది ఒకటుంది. ఒక్కో చానల్ ఒక్కో ముక్క బయటపెడుతుంది. ఒకరు ఊరు పేరు వేస్తారు, పిల్ల తరగతి చెప్పరు. ఇంకొకరు ఊరు చెప్పరు, "తొమ్మిదో తరగతి విద్యార్థిని, తండ్రి ఆటో డ్రైవర్" అంటారు. మూడోవాళ్లు "మేనమామే కామాంధుడు" అని నిందితుడి పేరు, ఫొటో వేస్తారు. ఎవరికి వాళ్లు చట్టం పాటించామనే అనుకుంటారు. మూడూ చూసినవాళ్లకి పిల్ల ఎవరో తెలిసిపోతుంది.

అందుకని గైడ్‌లో ఇది రాయండి: నిందితుడు కుటుంబంలోని మనిషైతే అతని పేరు, ఫొటో, ఊరు కూడా వేయొద్దు. తండ్రి పేరు చెప్పి కూతురి పేరు దాస్తే ఏం ప్రయోజనం? "ఫలానా జిల్లాలో ఒక బాలికపై దగ్గరి బంధువు" అన్నచోట ఆగాలి. జిల్లా దాటి లోపలికి వెళ్లొద్దు.

పిల్లల్ని ఇంటర్వ్యూ చేయడం గురించి. "ఏం జరిగిందమ్మా?" అని మైకు పెట్టడం వార్త కాదు, ఆ బిడ్డకి రెండోసారి దెబ్బ. పైగా మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇవ్వకముందే టీవీలో పలికితే, రెండు మాటల మధ్య చిన్న తేడాని డిఫెన్స్ లాయరు కోర్టులో పట్టుకుంటాడు. కేసే దెబ్బతింటుంది.

రన్‌డౌన్_రాత్రిషిఫ్ట్:
అవుట్‌పుట్ వైపు నుంచి రాస్తున్నాను. పైన చెప్పినవన్నీ చేసినా ముఖం ఎందుకు బయటపడుతుందంటే, బ్లర్ చేసిన ఫైలు ఒకటి, చేయని ఫైలు ఇంకొకటి సర్వర్‌లో పక్కపక్కనే ఉంటాయి. సాయంత్రం ఆరు బులెటిన్‌కి ఎడిటర్ శ్రద్ధగా బ్లర్ వేస్తాడు. రాత్రి పదకొండుకి వచ్చే క్రైమ్ ప్రోగ్రామ్ వాళ్లు ఊరి పేరుతో వెతికి రా ఫుటేజ్ తీసుకుంటారు. మూడు నెలల తర్వాత ఇంకో కేసు వచ్చినప్పుడు "ఫైల్ దృశ్యాలు" అంటూ అదే వస్తుంది.

దీనికి మందు ఒక్కటే. బ్లర్ విడదీయలేనట్టు కలిసిపోయిన ఫైలు మాత్రమే అందరికీ కనిపించే ఫోల్డర్‌లో ఉండాలి. రా ఫైలు తాళం వేసిన ఫోల్డర్‌లోకి పోవాలి. ఫైలు పేరులో ముందే "పోక్సో, బ్లర్ ఉన్నదే వాడాలి" అని ఉండాలి, వివరాల కాలమ్‌లో కాదు. వివరాల కాలమ్ హడావుడిలో ఎవరూ తెరవరు.

తర్వాత యూట్యూబ్. టీవీలో వెళ్లిన స్టోరీ సరిగ్గానే ఉంటుంది. డిజిటల్ టీమ్ థంబ్‌నెయిల్ కోసం రా ఫుటేజ్ నుంచి ఒక ఫ్రేమ్ తీస్తుంది. లేదా రోజంతా నడిచిన లైవ్ స్ట్రీమ్ తర్వాత వీడియోగా అలాగే మిగిలిపోతుంది. టీవీలో పది సెకన్లు జారితే పది సెకన్లే, యూట్యూబ్‌లో జారితే తీసేదాకా జారుతూనే ఉంటుంది.

లైవ్ ప్రెస్‌మీట్లు ఇంకా ప్రమాదం. 2022 జూన్‌లో జూబ్లీహిల్స్ మైనర్ కేసులో ఒక ఎమ్మెల్యే విలేకరుల ముందు దృశ్యాలు బయటపెట్టారు, దానిమీద 228ఏ కింద కేసు నమోదైంది. అలాంటిది నేరుగా ఆన్ ఎయిర్ వెళ్తుంటే పీసీఆర్‌లో (ప్రసారాన్ని నడిపే కంట్రోల్ రూమ్‌లో) ఎవరు ఆపగలరు? లైవ్ బ్యాగ్ (ఫీల్డ్ నుంచి ఫీడ్ పంపే పరికరం) నుంచి వచ్చే ఒకటి రెండు సెకన్ల ఆలస్యాన్ని నమ్ముకోకండి, చెయ్యి బటన్ దాకా పోయేలోపు అయిపోతుంది. ఫీడ్‌ని సర్వర్‌లో రికార్డు చేస్తూ, రికార్డవుతున్న ఆ ఫైలునే ముప్పై సెకన్లు వెనక నుంచి ప్లే చేయండి. చాలా ప్లేఅవుట్ సర్వర్లలో ఈ వీలు ముందే ఉంటుంది. ఒక మనిషి అసలు ఫీడ్ చూస్తూ కూర్చోవాలి. నేరాలు, ప్రమాదాలు, ఆందోళనలు అన్నిటికీ ఇది వాడొచ్చు. ముప్పై సెకన్లు ఆలస్యమైతే పక్క చానల్ ముందు వేస్తుందన్న భయం ఒక్కటే అడ్డం. ఇంట్లో రెండు టీవీలు పక్కపక్కన పెట్టుకుని సెకన్లు లెక్కపెట్టే ప్రేక్షకుడు లేడు. న్యూస్‌రూమ్ గోడమీద పది తెరలు పెట్టుకుని చూసేది మనమే.

స్క్రోల్_డెస్క్:
స్క్రోలింగ్ గురించి ఎవరూ రాయలేదు. స్టోరీ ఆపేశాక కూడా కింద స్క్రోల్ నడుస్తూనే ఉంటుంది. ఎందుకంటే అది వేరే కంప్యూటర్, వేరే మనిషి, చాలాచోట్ల వేరే గది. రన్‌డౌన్‌లో (బులెటిన్ స్టోరీల వరుస జాబితాలో) స్టోరీ తీస్తే స్క్రోల్ తనంతట తాను పోదు. స్టోరీ చంపినప్పుడు ప్రొడ్యూసర్ ఐదు చోట్లకి చెప్పాలి: స్క్రోల్, బ్రేకింగ్ ప్లేటు (తెరమీద పడే అక్షరాల పట్టీ), వచ్చే బులెటిన్ హెడ్‌లైన్లు, వెబ్‌సైట్, వాట్సాప్ చానల్.

ఇక మాటలు. మన తెలుగు టీవీలో కేసు తీర్పు కోర్టు కంటే ముందు మాటలోనే అయిపోతుంది. "కిరాతకుడు", "మానవ మృగం", "కిలేడీ" అని ప్లేటు పడ్డాక "నిందితుడు" అని వాయిస్ ఓవర్‌లో ఎంత జాగ్రత్తగా అన్నా లాభం లేదు. అదుపులోకి తీసుకోవడం, అరెస్టు చేయడం ఒకటి కాదు. "భార్యే చంపించిందా?" అని చివర ప్రశ్నార్థకం పెడితే పరువునష్టం నుంచి తప్పించుకోవచ్చనుకుంటారు. చదివినవాడి మనసులో ఏ అర్థం నాటుకుందో కోర్టు అది చూస్తుంది.

"నేరం ఒప్పుకున్న నిందితుడు" అనేది మరీ దారుణం. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా నిలబడదు. 2021 జనవరి 18న బాంబే హైకోర్టు మీడియా ట్రయల్ మీద ఇచ్చిన తీర్పులో ఇదే చెప్పింది. పోలీసులకిచ్చిన ఒప్పుకోలుని చెల్లే సాక్ష్యంలా చూపొద్దని, నేరం జరిగిన తీరుని నటించి చూపించొద్దని, సాక్షుల మాటల్ని స్టూడియోలో విశ్లేషించొద్దని. నిందితుడి ముఖం వేయడంలో ఇంకో చిక్కుంది. జైల్లో గుర్తింపు పరేడ్ (వరుసలో నిలబెట్టిన వాళ్లలోంచి సాక్షి నిందితుణ్ని గుర్తుపట్టడం) జరగకముందే సాక్షి అతన్ని టీవీలో చూసేస్తే ఆ పరేడ్‌కి విలువ పోతుంది. పోలీసులు నిందితులకి ముసుగు వేసి తెచ్చేది అందుకే. ఆ ముసుగు తీయించమని అరవడం మన పని కాదు.

తెలుగుకే ఉన్న జబ్బు ఇంకొకటి: "...నట్లు సమాచారం". ఎవరి సమాచారం? డీఎస్పీ చెప్పారా, ఎస్సై చెప్పారా, పక్కింటాయన చెప్పారా? కర్త లేని ఈ వాక్యంలో అబద్ధం హాయిగా దాక్కుంటుంది. మూలం చెప్పలేకపోతే ఎందుకు చెప్పలేమో ఒక్క మాటలో అనాలి. అది కూడా వీలుకాకపోతే ఆ వాక్యం తీసెయ్యాలి. ఇంకా, పోక్సో కేసులో "ప్రేమ పేరుతో", "ప్రేమాయణం" అని రాయకండి. పద్నాలుగేళ్ల పిల్ల ఒప్పుకుందా లేదా అన్నది చట్టం లెక్కలోకే తీసుకోదు.

ఓరుగల్లు_కెమెరా:
సీసీటీవీ మీద అడిగిండ్రు గదా. 2018 సెప్టెంబర్‌ల మిర్యాలగూడల ఆస్పత్రి బయట పరువు పేరు మీద జరిగిన హత్య వీడియో అన్ని చానళ్లల్ల తిరిగింది. నా మాట ఏందంటే, అది చూపెట్టుడే తప్పు అనలేం. పట్టపగలు గట్ల చంపిండ్రంటే జనానికి తెల్వాలె. చూపకపోతే "ఏదో గొడవ జరిగింది" అని కప్పేస్తరు.

బాలల_పక్షం:
కెమెరా అన్నా, మీ మాటలో నిజం ఉంది. కులం పేరుతో జరిగిన హత్యని హత్యగా చూపించాలి. కానీ దెబ్బ పడే క్షణం చూపిస్తేనే నిజం తెలుస్తుందా? వెనక నుంచి మనిషి నడిచొచ్చేదాకా చూపించి, అక్కడ ఆపి, మిగతాది మాటల్లో చెప్పొచ్చు. పక్కనే నడుస్తున్న కుటుంబ సభ్యుల కోణం నుంచి ఒకసారి చూడండి. ఆ కొన్ని సెకన్లు వాళ్ల జీవితంలో అతి ఘోరమైనవి. చర్చా కార్యక్రమంలో పక్క విండోలో ఆ క్లిప్ లూప్ పెడతారు. అరగంట చర్చ అంటే 1800 సెకన్లు. పన్నెండు సెకన్ల క్లిప్ అయితే నూట యాభై సార్లు తిరుగుతుంది. వార్త మొదటిసారే చెప్పడం అయిపోయింది.

ఓరుగల్లు_కెమెరా:
లూప్ వద్దన్నది ఒప్పుకుంట. దెబ్బ పడే ముందు ఆపుడు కూడా సరే. కానీ మొత్తమే చూపొద్దంటే ఒప్పుకోను.

రన్‌డౌన్_రాత్రిషిఫ్ట్:
లూప్ ఎందుకు పడుతుందో కూడా చెప్పాలి. క్రూరత్వం కాదు, విజువల్స్ లేకపోవడం. అరగంట చర్చకి ముప్పై సెకన్ల ఫుటేజే చేతిలో ఉంటే పక్క విండో ఖాళీగా ఉంచలేక అదే తిప్పుతారు. మ్యాపు, కాలక్రమం గ్రాఫిక్, చట్టం సెక్షన్ల ప్లేటు ముందే తయారుచేసి పెట్టుకుంటే ఆ విండో నిండుతుంది. గ్రాఫిక్స్ టీమ్‌కి చర్చ మొదలవడానికి గంట ముందు చెప్పాలి, పది నిమిషాల ముందు కాదు. కలవరపెట్టే దృశ్యాలు, రక్తం, దేహాలు, పిల్లల్ని కొట్టే వీడియోలు బ్లర్ కూడా లేకుండా వేస్తున్నారని 2023 జనవరిలో కేంద్ర సమాచార ప్రసార శాఖ అన్ని చానళ్లకీ అడ్వైజరీ పంపింది. సోషల్ మీడియా నుంచి దించిన వీడియోని ఎడిట్ చేయకుండా వేయడం గురించి అందులో ప్రత్యేకంగా ఉంది.

2020 మే 7న విశాఖ ఆర్ఆర్ వెంకటాపురం గ్యాస్ లీక్ కూడా గుర్తు చేసుకోవాలి. రోడ్డుమీద కుప్పకూలిన మనుషుల క్లోజప్పులు తెల్లారినప్పటి నుంచి నడిచాయి. ఊపిరాడని మనిషి అనుమతి ఇవ్వలేడు, వద్దని కూడా అనలేడు. వైడ్ షాట్ చాలు. చనిపోయినవారి పేర్లు ఇంటివాళ్లకి తెలిశాకే వేయాలి.

గోదారి_ప్రేక్షకుడు:
ఉగ్రదాడులప్పుడు లైవ్ వేయకూడదంటారు. అది రూలా, సలహానా?

కోర్టు_బీట్:
రూలే. కేబుల్ టీవీ నియమాల్లో ప్రోగ్రామ్ కోడ్ 6(1)(పి), 2015లో చేర్చారు. భద్రతా బలగాల ఆపరేషన్ ముగిసేదాకా ప్రత్యక్ష ప్రసారం కుదరదు, నియమించిన అధికారి అప్పుడప్పుడు ఇచ్చే బ్రీఫింగే వేయాలి. ముంబై 26/11 లైవ్‌ల గురించి 2012లో కసబ్ తీర్పులో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టాక వచ్చిందిది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత దీన్నే మళ్లీ గుర్తుచేశారు. మేలో ఇంకో సూచన కూడా వచ్చింది. కార్యక్రమాల్లో వైమానిక దాడి సైరన్ శబ్దం వాడొద్దని. స్టింగర్ మ్యూజిక్ (వార్తల మధ్య మోగే చిన్న సంగీతం) బదులు సైరన్ పెట్టేస్తే, నిజంగా సైరన్ మోగిన రోజు జనం టీవీ అనుకుంటారు.

బాలల_పక్షం:
ఆత్మహత్య వార్తల గురించి క్లుప్తంగా. ఎలా చనిపోయారో పద్ధతి చెప్పొద్దు. చోటు పేరు, ముఖ్యంగా వంతెనలు, చెరువుల పేర్లు హెడ్‌లైన్‌లో వేయొద్దు. పురుగుల మందు డబ్బా క్లోజప్, దాని మీది పేరు అసలే వద్దు. ఉత్తరం చూపొద్దు, చదవొద్దు. "అప్పుల బాధతోనే", "మార్కులు తగ్గాయనే" అని ఒకే కారణం అంటగట్టొద్దు. "ఆత్మహత్యకు పాల్పడ్డారు" బదులు "ఆత్మహత్య చేసుకున్నారు", "ప్రాణం తీసుకున్నారు" అనండి. పాల్పడటం అన్నది నేరాలకి వాడే మాట.

ఇంటర్ ఫలితాల కాలంలో మరీ జాగ్రత్త. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఫలితాల గందరగోళం అప్పుడు తెర మూలన చనిపోయిన విద్యార్థుల సంఖ్య పెంచుకుంటూ పోయినట్టు ఎప్పుడూ చేయకూడదు. అది చూసే పిల్లల్లో కొందరు అదే అంచున ఉంటారు. స్టోరీ నడిచినంతసేపూ టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416 నంబరు తెరమీద ఉండాలి. చివర ఒక సెకను మెరిసి పోవడం కాదు. ఫోన్ తీసి నొక్కుకునేంత సేపు.

స్క్రోల్_డెస్క్:
శ్రీదేవి చనిపోయినప్పుడు, 2018 ఫిబ్రవరిలో, స్నానపు తొట్టి గ్రాఫిక్కులు, ఒక తెలుగు రిపోర్టర్ తొట్టిలో పడుకుని చూపించడం దేశమంతా చూసింది. పద్ధతిని నటించి చూపొద్దనే నియమం ఎందుకుందో వివరించడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

ఓరుగల్లు_కెమెరా:
గైడ్‌ల ఇంకో సంగతి తప్పక రాయిండ్రి. ఇన్ని నియమాలు చెప్పేది ఎవరికి? మండలంల లోగో మైకు పట్టుకున్న స్ట్రింగర్‌కి. చానాచోట్ల జీతం లేదు, స్టోరీకి ఇంత అని ఇస్తరు, అదీ ఆలస్యంగ. పైనుంచి ఆగస్టు 15కి, జనవరి 26కి, లీడర్ల పుట్టినరోజులకి యాడ్స్ టార్గెట్ ఉంటది. ప్రైవేటు ఆస్పత్రి దగ్గర శుభాకాంక్షల యాడ్ తీసుకున్న మనిషి అదే ఆస్పత్రిల తప్పు జరిగితే ఎట్ల రాస్తడు? యాడ్ పని, వార్త పని ఒకే మనిషికి ఇయ్యొద్దు. ఇస్తే, ఎవరి దగ్గర ఎంత తెచ్చిండో డెస్కు దగ్గర లిస్టు ఉండాలె. ఆ సంస్థ మీద వార్త వస్తే ఇంకో మండలం రిపోర్టర్‌ను పంపాలె. ఇది సరిచేయకుంట మిగిలినవి చెప్పుడు స్ట్రింగర్‌కి అన్యాయమే.

గోదారి_ప్రేక్షకుడు:
కెమెరా గారి మాట మనసుకి తగిలింది. మరి మాలాంటివాళ్లు తప్పు చూస్తే ఎవరికి రాయాలి? ప్రెస్ కౌన్సిల్‌కా?

కోర్టు_బీట్:
చాలామంది పొరబడేది ఇక్కడే. ప్రెస్ కౌన్సిల్ 1978 చట్టం కింద పత్రికలు, వార్తా సంస్థల్నే చూస్తుంది. టీవీ దాని పరిధి కాదు.

టీవీకి 2021 జూన్‌లో సవరించిన కేబుల్ టీవీ నియమాల ప్రకారం మూడు మెట్లు. మొదటిది చానలే. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. తృప్తి లేకపోతే ఇంకో 15 రోజుల్లో చానల్ సభ్యత్వమున్న స్వీయ నియంత్రణ సంస్థకి అప్పీలు. అది 60 రోజుల్లో తేల్చాలి. ఆపైన కేంద్ర ప్రభుత్వం. ఆ సంస్థల్లో పాతది 2008లో మొదలైంది, ఇప్పుడు ఎన్‌బీడీఎస్‌ఏ అంటున్నారు. అందులో లేని తెలుగు చానళ్లు కూడా ఉన్నాయి, ముందు అది చూసుకోండి. 2023 నాటికి అది వేయగల జరిమానా గరిష్ఠంగా లక్ష రూపాయలు. ఇంత తక్కువైతే ఎవరు లెక్కచేస్తారని ఆ ఏడాది సుప్రీంకోర్టే అడిగింది.

ఫిర్యాదులో చానల్ పేరు, తేదీ, గంట నిమిషంతో సహా సమయం, యాంకర్ అన్న మాట ఉన్నదున్నట్టు, తెర ఫొటో, లింకు ఉండాలి. "మీ చానల్ దిగజారింది" అని రెండు పేజీలు రాస్తే ఎక్కడా నిలబడదు. వారంలోపే రాసెయ్యండి. ప్రసారమైన రికార్డింగును చానల్ 90 రోజులు దాచాలి, ఆ తర్వాత అడిగితే "లేదు" అంటారు.

రన్‌డౌన్_రాత్రిషిఫ్ట్:
సవరణ ఎలా వేయాలో కూడా చెప్పాలి. మామూలుగా చేసేది, స్టోరీ మాయం చేసేసి ఊరుకోవడం. తప్పు ఏ స్లాట్‌లో వెళ్లిందో అదే స్లాట్‌లో సవరణ వెళ్లాలి. ఎన్‌బీడీఎస్‌ఏ క్షమాపణ చెప్పమన్నప్పుడు పూర్తి తెరపై పెద్ద అక్షరాలతో, స్పష్టంగా, నెమ్మదైన వాయిస్ ఓవర్‌తో అని రాస్తుంది. అదే కొలతగా పెట్టుకోండి. "పొరపాటుకు చింతిస్తున్నాం" అంటే ఏ పొరపాటో ఎవరికీ తెలియదు. "నిన్న రాత్రి తొమ్మిది బులెటిన్‌లో ఫలానా వ్యక్తి అరెస్టయ్యారని చెప్పాం. ఆయన అరెస్టు కాలేదు" అని చెప్పాలి.

కొత్త_రిపోర్టర్:
అందరికీ చాలా ధన్యవాదాలు. ఆఖరిగా ఒకటి. పోక్సో స్టోరీలో బ్లర్ జారి, పిల్ల ముఖం ఆన్ ఎయిర్ వెళ్లిపోయింది అనుకోండి. అప్పుడు కూడా ఇలాగే పేరు పెట్టి సవరణ వేస్తామా?

రన్‌డౌన్_రాత్రిషిఫ్ట్:
వద్దు. అది ఒక్కటే మినహాయింపు. "నిన్నటి ఫలానా ఊరి బాలిక స్టోరీలో ముఖం కనిపించింది" అని వేస్తే చూడనివాళ్లు కూడా వెళ్లి వెతుకుతారు.

వరుస ఇలా. స్టోరీ రన్‌డౌన్ నుంచి, హెడ్‌లైన్ల నుంచి, స్క్రోల్ నుంచి తీయాలి. యూట్యూబ్, ఫేస్‌బుక్ వీడియోలు ముందు ప్రైవేట్ చేయాలి, తర్వాత తొలగించాలి. తొలగింపు పూర్తయ్యేదాకా ఆగితే ఆ కాసేపట్లో దించుకునేవాళ్లు దించుకుంటారు. రోజంతా నడిచిన లైవ్ స్ట్రీమ్ వీడియో మర్చిపోకండి. సర్వర్‌లో ఆ ఫైలుకి తాళం వేయాలి, ప్రసారమైన రికార్డింగు మాత్రం చెరపకూడదు, విచారణకి అదే ఆధారం. మన ఫుటేజ్ తీసుకున్న చానళ్లకి ఫోన్ చేసి ఆపించాలి. లీగల్ టీమ్‌కి గంటలోపు సమయాలతో రాసివ్వాలి. తెరమీద సవరణ వేయాల్సివస్తే ఊరు, తేదీ, కేసు ఏవీ లేకుండా ఒక్క వాక్యం.

ఇంకా ఆ కుటుంబానికి ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. రిపోర్టర్ కాదు, ఎడిటర్ చేయాలి. ఏ సమయంలో, ఎన్ని సెకన్లు వెళ్లింది, ఎక్కడెక్కడ తీసేశాం, ఇంకా ఎక్కడ మిగిలి ఉండొచ్చు, ఉన్నదున్నట్టు చెప్పాలి. పొద్దున బడికి పంపాలా వద్దా అన్నది వాళ్లు రాత్రికే తేల్చుకోవాల్సి ఉంటుంది.